సంచిలో పట్టే సోలార్ కుక్కర్: బరువు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు

తేలికైన సోలార్ కుక్కర్ తయారుచేయాలనుకున్నవారు సాధారణంగా పెట్టె కుక్కర్‌నే తీసుకుని, చెక్కకు బదులు అట్ట, ఇనుప రేకుకు బదులు అల్యూమినియం రేకు వాడి బరువు తగ్గించబోతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. రెండు నమూనాలు పాడుచేసుకున్నాక గాని అసలు బరువు ఎక్కడ ఉందో తెలిసిరాలేదు. పొడవూ వెడల్పూ 40 సెంటీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు ఉన్న గాజు పలక ఒక్కటే దాదాపు 1.2 కిలోలు తూగుతుంది. వేడి నిలవడానికి రెండు పలకలు వేస్తే 2.4 కిలోలు. వాటిని మోయడానికి గట్టి చట్రం, ఆ చట్రాన్ని మోయడానికి గట్టి గోడలు, మూత తెరిచినప్పుడు ఒరగకుండా బరువైన అడుగు కావాలి. ఇలా ఒక బరువు మరో బరువును వెంటబెట్టుకుని వస్తుంది. అందువల్ల ఉన్న పదార్థాన్ని పలచన చేసుకుంటూ పోవడం కంటే, అది అక్కడ ఏ పని కోసం ఉందో చూసి, ఆ పనిని మరింత తేలికైనదానికి అప్పగించడం మేలు.

1767లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఒరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ గాజు పలకలు కప్పిన పెట్టెను ఎండలో ఉంచి, లోపల సుమారు 110 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత సాధించాడు. నేటి పెట్టె కుక్కర్లు ఆ పెట్టెకు వారసులే. వాటిలో గిన్నెతో పాటు దాని చుట్టూ ఉన్న గది మొత్తాన్నీ వేడిగా ఉంచుతాము. 1994లో ఫ్రాన్స్‌కు చెందిన రోజే బెర్నార్ రూపొందించిన పలకల కుక్కర్‌లో ఆ గది లేదు. మెరిసే పలకలు వెలుగును గిన్నె మీదకు మళ్లిస్తాయి, గిన్నెకు మాత్రమే ఒక పారదర్శకమైన ముసుగు ఉంటుంది. వేడి నిలపవలసిన చోటు గది నుంచి గిన్నె అంతకు కుదించుకుపోవడంతో గాజు, చట్రం, గోడలు మూడూ ఒక్కసారే తప్పుకున్నాయి. మోసుకుపోవడానికి అనువైన నమూనాకు పునాదిగా నేను ఈ రకాన్నే ఎంచుకుంటాను.

పరావలయాకారపు డిష్ కుక్కర్ వీటన్నిటికంటే వేగంగా వండుతుందన్నది నిజమే. కానీ ఆకాశంలో సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు, అంటే దాదాపు రెండు నిమిషాలకు తన వ్యాసమంత దూరం జరుగుతాడు. వెలుగును చిన్న బిందువు దగ్గర కూడగట్టే డిష్‌ను అందుకే మాటిమాటికీ తిప్పుతూ ఉండాలి, వంపు చెడకుండా మోసుకుపోవాలి, నాభి దగ్గర చెయ్యి గాని కన్ను గాని పడకుండా కాపాడుకోవాలి. ప్రయాణంలో ఇన్ని జాగ్రత్తలు కుదరవు.

ముందుగా లెక్క

నిర్మలమైన ఆకాశం కింద మధ్యాహ్నపు ఎండ, కిరణాలకు ఎదురుగా నిలిపిన చదరపు మీటరు తలం మీద సుమారు 1000 వాట్ల శక్తిని కుమ్మరిస్తుంది. ఉదయపు, సాయంకాలపు నష్టాలను, గాలిలోని ధూళిని లెక్కలోకి తీసుకుని 800 వాట్లతో లెక్క వేసుకోవడం క్షేమం. ఒక లీటరు నీటిని 25 డిగ్రీల నుంచి 95 డిగ్రీలకు తేవడానికి సుమారు 293 కిలోజౌళ్ల ఉష్ణం కావాలి. కుక్కర్ నోరు, సూర్యుడి వైపు నుంచి చూసినప్పుడు 0.4 చదరపు మీటర్లు ఉంటే, దానిలోకి వచ్చేది 320 వాట్లు. అందులో కొంత పలకలు మింగేస్తాయి, కొంత గిన్నెను తాకకుండా పక్కనుంచి పోతుంది, మరికొంత గిన్నె వేడెక్కాక బయటికి కారిపోతుంది. నాలుగో వంతు నీటికి దక్కిందనుకుంటే 80 వాట్లు. ఆ లెక్కన లీటరు నీరు 95 డిగ్రీలకు చేరడానికి గంట పైచిలుకు పడుతుంది. నిజానికి మొదటి 40 డిగ్రీలు త్వరగా పెరిగి, చివరి 20 డిగ్రీల దగ్గర వేగం బాగా మందగిస్తుంది. గిన్నె వేడెక్కిన కొద్దీ చుట్టూ ఉన్న గాలితో దాని తేడా పెరిగి నష్టం కూడా పెరగడమే ఇందుకు కారణం. కాబట్టి గంట నుంచి గంటన్నర అని మనసులో పెట్టుకోవాలి.

ఈ లెక్కలో ఒక సంఖ్య మిగిలినవాటి కంటే గట్టిగా గుర్తుంచుకోదగినది. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2257 కిలోజౌళ్లు పడుతుంది. అంటే మూత సరిగ్గా కూర్చోక 100 గ్రాముల నీరు ఆవిరిగా పోతే 226 కిలోజౌళ్లు పోయినట్టే, అంటే లీటరు నీటిని 54 డిగ్రీలు వేడిచేయగల ఉష్ణం గాలిలో కలిసిపోయినట్టే. పలకను మరో పది సెంటీమీటర్లు పెంచితే వచ్చే లాభం కంటే, బిగుతుగా కూర్చునే మూత వల్ల మిగిలేది ఎక్కువ. బరువు దృష్ట్యా చూస్తే మూతకు సాటి వచ్చే పెట్టుబడి మరొకటి లేదు.

పలకలు

నేను వాడే కొలతలు చెబుతాను. వెనుక పలక 35 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు. దాని రెండు అంచులకూ 40 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తు గల రెక్కలు. వెనుక పలకకూ రెక్కకూ మధ్య కోణం 120 డిగ్రీలు. అలా తెరిస్తే రెక్కల ముందు అంచుల మధ్య దూరం 75 సెంటీమీటర్లు అవుతుంది. ఈ 120 డిగ్రీల కోణం ఊరికే పెట్టినది కాదు. సూర్యుడికి ఎదురుగా నిలిపినప్పుడు కిరణం రెక్కను 30 డిగ్రీల వాలుతో తాకి, అంతే వాలుతో తిరిగి లోపలి వైపు మళ్లుతుంది. రెక్క కొస దగ్గర పడిన కిరణం, వెనుక పలకకు 13 సెంటీమీటర్ల ముందు మధ్యరేఖను దాటుతుంది. గిన్నె నడిమి భాగం సరిగ్గా అక్కడ ఉండాలి. చాలామంది గిన్నెను మూడు పలకల నడుమ ఖాళీకి మధ్యలో పెడతారు. అలా చేస్తే రెక్కల లోపలి సగం నుంచి వచ్చే వెలుగు గిన్నెను దాటి వెనుక పలక మీద పడిపోతుంది. 18 సెంటీమీటర్ల వ్యాసం గల గిన్నెకు, దాని ముసుగుకు వెనుక పలక దగ్గర నాలుగు సెంటీమీటర్ల సందు మిగిలితే చాలు.

పలకలకు 3 మిల్లీమీటర్ల ముడతల అట్ట గాని, అదే రూపంలో వచ్చే పాలీప్రొపిలీన్ బోర్డు గాని సరిపోతుంది. అట్ట తడిస్తే పని అయిపోయినట్టే. మంచు పడే చోట గాని, వాన అనుమానం ఉన్న చోట గాని ప్లాస్టిక్ బోర్డు నయం. రెండింటిలో దేనికైనా చదరపు మీటరుకు సుమారు అర కిలో బరువు ఉంటుంది. మూడు పలకలూ కలిపి 0.575 చదరపు మీటర్లు కాబట్టి 300 గ్రాముల లోపే ముగుస్తుంది.

మడతల దగ్గర బోర్డును పూర్తిగా తెగ్గోసి, ముక్కల మధ్య 6 మిల్లీమీటర్ల సందు ఉంచి, వెనుక వైపు నుంచి బట్ట టేపు అంటించాలి. గీత గీసి వంచిన మడత కొన్ని పదుల సార్లకే చీలిపోతుంది, టేపు కీలు ఏళ్ల తరబడి నిలుస్తుంది. రెండు రెక్కలూ ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి, పైన పడే రెక్క కీలు దగ్గర సందును మరో 3 మిల్లీమీటర్లు పెంచకపోతే కట్ట ఉబ్బి నిలుస్తుంది. ఇంకా చిన్నదిగా మడవాలంటే ఎత్తును కూడా 25 సెంటీమీటర్ల దగ్గర ఒకసారి తెంచవచ్చు. అప్పుడు కట్ట సుమారు 45 × 25 సెంటీమీటర్ల పరిమాణానికి వచ్చి సంచిలో పడుతుంది. కానీ ఆ అడ్డ కీలు దగ్గర పలక కుంగుతుంది. పలక ఒక డిగ్రీ వంగితే తిరిగి వచ్చే కిరణం రెండు డిగ్రీలు పక్కకు పోతుంది, 40 సెంటీమీటర్ల దూరంలో అది 1.4 సెంటీమీటర్ల తప్పు. అందుకే వెనుకనుంచి రెండు సన్నటి వెదురు పుల్లలను జేబుల్లోకి దోపి పలకను నిటారుగా నిలపాలి. ఆ పుల్లలకయ్యే 40 గ్రాములు తగ్గించుకోదగినవి కావు.

మెరుపు విషయానికి వస్తే, వంటింటి అల్యూమినియం ఫాయిల్ తన మీద పడిన వెలుగులో 85 శాతానికి పైగా తిప్పి పంపుతుంది. దాని మెరిసే వైపు, మసక వైపు మధ్య తేడా ఈ పనికి లెక్కలోకి రాదు. ముడతలు మాత్రం లెక్కలోకి వస్తాయి. 16 మైక్రాన్ల ఫాయిల్ చదరపు మీటరుకు 43 గ్రాములే తూగుతుంది కాబట్టి బరువు సమస్య లేదు. పలుచన చేసిన తెల్ల జిగురును బోర్డుకు పూసి, ఫాయిల్‌ను ఒక అంచు నుంచి మెత్తటి బట్టతో నొక్కుతూ పరచాలి. అల్యూమినియం పూత గల మైలార్ అనే పలుచటి ప్లాస్టిక్ పొర ఇంతకంటే నున్నగా కూర్చుంటుంది, మడతలకూ బాగా ఓర్చుకుంటుంది. అయితే అత్యవసర దుప్పట్లుగా అమ్మే మరీ పలుచటి పొరను వాడే ముందు దీపానికి అడ్డంగా పట్టి చూడాలి. అవతలి వెలుగు కనిపించిందంటే ఆ మేరకు ఎండ కూడా దానిగుండా దాటిపోతుంది. స్టీలు రేకు మెరిసినట్టే ఉంటుంది గాని, మూడో వంతుకు పైగా వెలుగును తానే మింగేస్తుంది; అల్యూమినియం కంటే దాదాపు మూడు రెట్లు బరువు కూడా.

నేలమీద పరిచే అడుగు పలకను వీటికి అతికించకుండా విడిగా ఉంచడం నాకు నచ్చిన మార్పు. మూసిన రంధ్రాల ఫోమ్ షీటును, 5 మిల్లీమీటర్ల మందంలో, వెనుక 35, ముందు 75 సెంటీమీటర్లు ఉండేలా కోసి, పైన మైలార్ అంటిస్తే, వంట సాగుతున్నంతసేపు అది నేల నుంచి వెలుగును పైకి పంపుతుంది. వంట దిగాక అదే గిన్నె చుట్టూ చుట్టి వేడి నిలుపుకోవడానికి, ప్రయాణంలో పలకలు గీసుకుపోకుండా పొదగడానికి పనికివస్తుంది. తేలికైన సామానులో ఒక్క పనికి మాత్రమే వచ్చే వస్తువు ఏది కనిపించినా దాని మీద ఇలా ఒక కన్ను వేసి ఉంచాలి.

గిన్నె, ముసుగు

వెలుగు వేడిగా మారేది గిన్నె మీదనే. మెరుపు లేని నల్లటి పూత తన మీద పడిన వెలుగులో 90 నుంచి 95 శాతం పీల్చుకుంటుంది. పలుచటి అల్యూమినియం గిన్నె, ఒకటిన్నర లీటర్లది, మూతతో కలిపి 300 గ్రాముల దగ్గర దొరుకుతుంది. నల్లగా అనొడైజ్ చేసినది దొరికితే రంగు అవసరమే లేదు. రంగు వేయవలసి వస్తే బయటి వైపు మాత్రమే, వేడిని తట్టుకునే రకాన్ని వేసి, వంటకు ముందు ఖాళీ గిన్నెను ఒకటి రెండు రోజులు ఇదే కుక్కర్‌లో కాల్చి వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి. మూతకు కూడా నలుపు వేయాలి. నడినెత్తి ఎండలో ఎక్కువ వెలుగు పడేది మూత మీదనే.

గిన్నెను నేలకు ఆనించకూడదు. తీగతో అల్లిన మూడు కాళ్ల కుదురు మీద మూడు నాలుగు సెంటీమీటర్ల ఎత్తున నిలిపితే, నేలలోకి వేడి పోదు, అడుగు పలక నుంచి లేచిన వెలుగు గిన్నె కిందికి కూడా చేరుతుంది. ముసుగుకు ఓవెన్ బ్యాగ్, అంటే ఓవెన్‌లో వంటకు వాడే పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి, అన్నిటికంటే తేలిక. 20 గ్రాములు కూడా ఉండదు, సుమారు 200 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. మామూలు పాలిథిన్ సంచి చూడటానికి ఇలాగే ఉంటుంది గాని 110 డిగ్రీల దరిదాపుల్లో కరిగిపోతుంది. ఒకసారి ఓవెన్ బ్యాగ్ మరచిపోయి, కూరగాయలు తెచ్చిన సంచినే ముసుగుగా వేశాను. గంట తరువాత చూస్తే అది మూత అంచు చుట్టూ వల్లెవాటులా అతుక్కుపోయి ఉంది. దాన్ని గోకుతూ గోకుతూ నల్ల రంగు కూడా ఊడదీసుకున్నాను. సంచి మూతిని గిన్నె కుదురు కిందికి మడిచి, సంచికీ గిన్నెకూ మధ్య అన్ని వైపులా రెండు మూడు సెంటీమీటర్ల గాలి ఉండేలా చూడాలి. సంచి గిన్నెను తాకిన చోట గాలి పొర పోయి, వేడి నేరుగా బయటికి దారి పడుతుంది. కుదురు నుంచే నాలుగు తీగలను పైకి వంచి పందిరిలా నిలిపితే సంచి దూరంగా ఆగుతుంది.

ఓవెన్ బ్యాగ్ పది పదిహేను సార్లకు మసకబారుతుంది లేదా చిరుగుతుంది. అందుకే ఒకటి అదనంగా గిన్నెలోనే పెట్టుకోవాలి. బోర్లించిన గాజు గిన్నె ఎంతకాలమైనా నిలుస్తుంది గాని, దానితో మనం వదిలించుకున్న కిలో బరువు తిరిగి వచ్చి కూర్చుంటుంది.

గాలి సంగతి

తేలికైన కుక్కర్‌కు అసలు శత్రువు మబ్బు కాదు, గాలి. మబ్బు వస్తే వంట ఆలస్యమవుతుంది, గాలి వస్తే వంట నేలపాలవుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి, అంటే ఆకులూ సన్నటి కొమ్మలూ ఆగకుండా కదిలే పాటి గాలి, 75 × 50 సెంటీమీటర్ల నోటిని సుమారు 0.7 కిలోల బరువుతో సమానమైన బలంతో నెడుతుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగింతలై దాదాపు 2.8 కిలోలకు చేరుతుంది. మన సామాను మొత్తం 800 గ్రాములు. దాన్ని నిలబెట్టడానికి అడుగున ఇనుప కడ్డీ కట్టుకుని మోసుకుపోవడం వల్ల ఇంతవరకు చేసినదంతా వృథా అవుతుంది. నిలపడానికి కావలసిన బరువును మోసుకుపోకుండా వెళ్లినచోటే అరువు తెచ్చుకోవాలి. వెనుక పలక అడుగు అంచుకూ, రెక్కల అడుగు అంచులకూ బట్ట జేబులు కుట్టి, అక్కడి రాళ్లో ఇసుకో నీళ్ల సీసాలో వాటిలో పెట్టాలి. పై అంచున ఒక్కో మూలకు ఒక ఉచ్చు వేసి, సన్నటి తాడుతో మేకుకు కట్టాలి. రెక్కల ముందు అంచులను ఒకదానితో ఒకటి కలుపుతూ 75 సెంటీమీటర్ల తాడు ఒకటి ఉంటే, గాలికి కోణం మారదు, ప్రతిసారీ కొలిచే పని కూడా ఉండదు.

ఎండకు ఎదురు నిలపడం

సూర్యుడి ఎత్తును తెలుసుకోవడానికి పరికరాలు అక్కరలేదు. నిటారుగా నిలిపిన కర్ర నీడ కర్రంత పొడవు ఉంటే సూర్యుడు 45 డిగ్రీల ఎత్తున ఉన్నట్టు; నీడ కర్రలో సగం కంటే కొంచెం ఎక్కువైతే 60 డిగ్రీలు. 45 నుంచి 60 డిగ్రీల మధ్య వెనుక పలకను నిలువుగానే ఉంచవచ్చు. ఎండ నడినెత్తికి చేరిన కొద్దీ వెనుక పలకను వెనక్కి వాల్చాలి. నిట్టనిలువుగా పడే కిరణానికి, నేలతో 60 డిగ్రీల కోణం చేసే పలక సరిగ్గా పనిచేస్తుంది, కిరణాన్ని 30 డిగ్రీల కింది వాలుతో గిన్నె మీదకు పంపుతుంది. అదే పలకను 45 డిగ్రీలకు వాల్చితే కిరణం నేలకు సమాంతరంగా పోయి, గిన్నెకు సమాన ఎత్తున పడినది తప్ప మిగిలినదంతా వృథా. వాలును నిలపడానికి వెనుక ఒక ఊతకర్ర, దానికి ముడులు వేసిన తాడు చాలు. నీడ కర్ర పొడవు కంటే బాగా ఎక్కువగా సాగిందంటే ఆ పూటకు వేడి నీళ్లతో సరిపెట్టుకోవడం మంచిది.

పలకలు గురి తప్పాయో లేదో తెలుసుకోవడానికి, గిన్నె చుట్టూ తెల్ల కాగితం చుట్టి దాని స్థానంలో ఉంచి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పక్కనుంచి చూడాలి. ఒక్కో పలక నుంచి వచ్చిన వెలుగు కాగితం మీద ఒక్కో తెల్లటి పట్టీగా కనిపిస్తుంది. ఎడమ రెక్కను అరచేత్తో కప్పితే ఏ పట్టీ మాయమైందో చూడవచ్చు; ఏదీ మాయం కాకపోతే ఆ రెక్క వెలుగు గిన్నెను తాకడం లేదన్నమాట. పలకల వైపు తిన్నగా చూడకూడదు. వంట మొదలయ్యాక అరగంటకు, ముప్పావు గంటకు ఒకసారి తిప్పితే చాలు. దగ్గర ఉండలేకపోతే, సూర్యుడు మరో గంటకు ఉండబోయే చోటికి గురి పెట్టి వెళ్లాలి.

తూచి చూడడం

మెరుగుదల ఊహ మీద ఆధారపడకూడదు. అమెరికన్ వ్యవసాయ ఇంజనీర్ల సంఘం వారి ఎస్580 ప్రమాణంలో నీటి ఉష్ణోగ్రతను పది నిమిషాలకొకసారి రాసుకుని, పెరిగిన డిగ్రీలను కిలోల్లో నీటి బరువుతో, 4186తో (కిలో నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి పట్టే జౌళ్లు) గుణించి, 600 సెకన్లతో భాగిస్తారు. వచ్చినది వాట్లలో వంట శక్తి. దాన్ని చదరపు మీటరుకు 700 వాట్ల ఎండకు సరిచేసి, నీటికీ బయటి గాలికీ 50 డిగ్రీల తేడా ఉన్నచోట ఎంత ఉందో చూస్తారు. ఎండను కొలిచే పరికరం లేనివారు కూడా ఈ పద్ధతిని పాటించవచ్చు: మబ్బు లేని రోజున, మధ్యాహ్నానికి అటూ ఇటూ రెండేసి గంటల లోపు, ప్రతిసారీ ఒక లీటరు నీటితోనే పరీక్షించాలి, ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. 50 డిగ్రీల తేడా దగ్గరి సంఖ్యనే ఎందుకు చూడాలంటే, మొదటి అరగంటలో ముసుగు లేని గిన్నె కూడా బాగానే వేడెక్కి మనల్ని నమ్మిస్తుంది. వేడిని నిలపగలదా లేదా అన్నది తేడా పెరిగినప్పుడే బయటపడుతుంది.

తాగునీటిని సూక్ష్మజీవుల నుంచి శుభ్రం చేయడానికి మరిగించనక్కరలేదు. నీరంతా 65 డిగ్రీలు దాటి కొన్ని నిమిషాలు నిలిస్తే సరిపోతుంది. కరిగినప్పుడు జారిపడే మైనం ఉన్న చిన్న గొట్టపు సూచిక ఒకటి కొన్ని గ్రాములే ఉంటుంది, థర్మామీటర్ కంటే ప్రయాణానికి నప్పుతుంది. ఆహారం మాత్రం 60 డిగ్రీల కింద గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోకూడదు. మబ్బు పట్టి ఉష్ణోగ్రత అక్కడే ఆగిపోతే, దాన్ని వేరే పొయ్యి మీద పూర్తిచేయాలి తప్ప ఎండ కోసం ఎదురుచూడకూడదు.

మడిచేటప్పుడు ఓవెన్ బ్యాగ్‌ను పూర్తిగా ఆరనిచ్చి, కుదురుతో పాటు గిన్నెలో పెట్టాలి. మెరిసే ముఖాలు లోపలి వైపుకు వచ్చేలా రెక్కలను మూసి, మధ్యలో మెత్తటి బట్ట వేసి, ఫోమ్ షీటును బయట చుట్టి, రెక్కలను కట్టిన 75 సెంటీమీటర్ల తాడుతోనే కట్టివేయాలి.